నేపథ్యమున నిలిచిన నటుడు: పైడి జైరాజ్

(చాతంలో జరిగిన తెలుగు సాంస్కృతిక సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



సినిమా చూచి ఇల్లు చేరిన ప్రేక్షకుని కొన్ని ప్రశ్నలు అడిగి చూడవచ్చును. కథానాయకుడెవరు అన్నచో తడుముకొనకుండ జవాబు వచ్చును. ప్రతినాయకుడెవరు అన్నచో పేరు చెప్పుటయే గాక, అతని నవ్వును గూడ అనుకరించి చూపును. హాస్యగాడెవరు, పాట పాడినదెవరు అన్న ప్రశ్నలకు ఇంటిలోని పిల్లలే బదులు చెప్పుదురు. కాని ఆ చిత్రములో పోలీసు కమిషనరు వేషము ధరించిన పెద్దమనిషి ఎవరని అడిగినప్పుడు మాత్రము ఇల్లంతయు నిశ్శబ్దమగును. ఎవరో ఒకరు వేసియుందురు అన్నదే తుదకు వచ్చెడి జవాబు.

1975 ఆగస్టు 15వ తేదీన విడుదలయైన 'షోలే' చిత్రమున ఆ 'ఎవరో ఒకరు' తెలుగువారు. ఆయన పేరు పైడి జైరాజ్. ఆ చిత్రములోని గజదొంగ పేరు దేశమంతటికిని తెలియును. కమిషనరు ముఖమును గుర్తుపట్టగలవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో తెలుగువారు ఎందరో లెక్కింపబోయినచో వ్రేళ్లు మిగులును. ఉత్కంఠ గొల్పు నేరచిత్రములలో చిన్న వేషముల వెనుక నిలిచిన ఈ నటుని తెర జీవితమే నేటి ప్రసంగ విషయము.

జైరాజ్ గారు 1909 సెప్టెంబరు 28వ తేదీన, నాటి నిజాము రాష్ట్రములోని కరీంనగరమున జన్మించిరి. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివిరి. సరోజినీ నాయుడుగారి కుటుంబమునకు బంధువులని ప్రసిద్ధి. ఆ రోజులలో చదువుకొన్న కుటుంబపు యువకుడు సినిమాలో చేరుట గౌరవమైన పనిగా ఎంచబడెడిది కాదు. మద్రాసులో రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారులు ప్రకాశ్ గారును మూకీ చిత్రములకు పునాది వేసియుండిరి గాని, పదిమంది యువకులకు జీవనోపాధి చూపగల పరిశ్రమగా అది ఇంకను ఎదుగలేదు. సినిమా నమ్ముకొన్నవానికి బొంబాయి ఒక్కటే దారి. జైరాజ్ గారు ఆ దారినే పట్టిరి. 1929లో 'జగ్‌మగతీ జవానీ' అను మూకీలో చిన్న వేషముతో తెరకెక్కిరి. మరుసటి సంవత్సరమే 'రసీలీ రాణీ' చిత్రమున కథానాయకులైరి.

ఇక్కడ గమనింపవలసిన సంగతి యొకటి కలదు. మూకీ చిత్రమునకు భాష లేదు. కరీంనగరము నుండి వచ్చినవానిని, కలకత్తా నుండి వచ్చినవానిని, ఇంగ్లీషు మాత్రమే మాట్లాడువానిని అది ఒకే విధముగా ఆదరించెను. అది అడిగినది ఒడ్డూ పొడుగూ గల శరీరమును, గుఱ్ఱముపై నిలుకడను, కత్తి పట్టుటలో నేర్పును. నేటి నేరచిత్రములకును, గూఢచారి చిత్రములకును ముత్తాతలు ఆనాటి సాహస చిత్రములే. ఎవడో తరుముచున్నాడు, ఎవడో పరుగెత్తుచున్నాడు, దొరుకునా దొరకడా అను ఆరాటముతో ప్రేక్షకుడు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఈ సూత్రము నూరేండ్లుగా మారలేదు. జైరాజ్ గారి తొలి చదువు ఆ బడిలోనే సాగినది.

1931 మార్చి 14వ తేదీన 'ఆలం ఆరా' విడుదలయై తెర మాట్లాడ నారంభించెను. ఆ మాటతో ఎందరో మూకీ తారల అదృష్టము తలక్రిందులయ్యెను. 'సులోచన' అను పేర దేశమంతటను వెలిగిన రూబీ మేయర్స్ అంతటి తార కూడ హిందూస్తానీ నేర్చుకొని మరల తెరకెక్కవలసి వచ్చెను. జైరాజ్ గారు ఆ పరీక్షలో నిలిచిరి. ఉర్దూ రాజభాషగా నున్న హైదరాబాదులోని చదువు అక్కరకు వచ్చెను. 1932లో 'శికారీ' చిత్రముతో ఆయన టాకీ నటులైరి. ఆ సంవత్సరమే హెచ్. ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద'తో తెలుగు తెర గూడ మాట్లాడినది. బొంబాయిలోనే ఉండి, 'ఆలం ఆరా'లోను, 'భక్త ప్రహ్లాద'లోను చిన్న వేషములు వేసిన మరియొక తెలుగు యువకుడు ఎల్. వి. ప్రసాద్ గారు. ఇరువురును ఒకే నగరమున పని వెదకికొన్నవారు. ప్రసాద్ గారు తరువాత మద్రాసు చేరి తెలుగు చిత్రములకు దర్శకత్వము వహించి, తెలుగువారి ఇంట ఇంటను తెలిసినవారైరి. జైరాజ్ గారు బొంబాయిలోనే నిలిచిరి. ఒకరి పేరు నిలిచి, మరియొకరి పేరు మరుగుపడుటకు మొదటి కారణము ప్రతిభలోని హెచ్చుతగ్గులు కాదు. ఎంచుకొన్న ఊరు, ఎంచుకొన్న భాష.

తరువాతి ముప్పది యేండ్లు ఆయన కథానాయకులుగనే యుండిరి. 1938లో బాంబే టాకీస్ వారి 'భాభీ'. 1943లో 'హమారీ బాత్'. దేవికారాణిగారు నటించిన కడపటి చిత్రమదియే. 1945లో 'ప్రతిమ' చిత్రమునకు దర్శకత్వము వహించిరి. అందులో కథానాయకుడు అప్పుడప్పుడే తెరకు వచ్చిన దిలీప్ కుమార్. అది ఆయనకు రెండవ చిత్రము. 1946లో సైగల్ ప్రధానపాత్ర ధరించిన 'షాజహాన్'లో జైరాజ్ గారికి ముఖ్యపాత్ర లభించెను. 1951లో నర్గీస్ నాయికగా 'సాగర్' అను చిత్రమును తామే తీసిరి. 1956లో హోమీ వాడియాగారి 'హాతిమ్ తాయీ'లో నాయకులై సాహస చిత్రములను ప్రేమించు పిల్లలకు ఆరాధ్యులైరి. 1959లో 'టిపు సుల్తాన్'. చరిత్రలోని వీరుని తెరపై నిలుపవలెనన్నచో నిర్మాతలకు మొదట తోచెడి పేర్లలో ఆయన పేరు ఒకటిగా నుండెను.

1963వ సంవత్సరము ఆయన తెర జీవితమున ఒక మలుపువంటిది. ఆ యేడు వచ్చిన 'చంద్రశేఖర్ ఆజాద్'లో ఆయన ప్రాణమునకు వెఱవని విప్లవవీరుడు. ఆ యేడే వచ్చిన ఇంగ్లీషు చిత్రము 'నైన్ అవర్స్ టు రామా'లో ఆయనది మిక్కిలి చిన్న వేషము. మొదటి చిత్రమున కథయంతయు ఆయన భుజములపై నున్నది. రెండవదానిలో ఆయన కథకు ఒక అంచున నిలిచినారు. అప్పటికి ఆయన వయస్సు యాబదినాలుగు. నాయకుని స్థానము నుండి సహాయపాత్రకు దిగుట ఏ నటునికైనను కష్టమే. కొందరు దిగుటకు ఇష్టపడక తెరను విడిచిపోయిరి. కొందరు దిగియు, దిగలేదని తమ్ముతాము నమ్మించుకొనిరి. జైరాజ్ గారు దిగిరి. దిగినచోట నిలిచి పని చేసిరి.

ఆ ఇంగ్లీషు చిత్రమును గూర్చి కొంత చెప్పవలెను. స్టాన్లీ వోల్పర్ట్ వ్రాసిన నవల ఆధారముగా మార్క్ రాబ్సన్ దానిని తీసెను. 1948 జనవరి 30వ తేదీన మహాత్మాగాంధీ హత్యకు ముందరి గంటలు అందలి కథ. హంతకుని పాత్రను హార్స్ట్ బుఖోల్జ్ అను జర్మన్ నటుడును, హత్యను ఆపుటకు పాటుపడు పోలీసు అధికారి పాత్రను హోసె ఫెర్రర్ అను నటుడును ధరించిరి. నవలయు, చిత్రమును భారతదేశమున నిషేధింపబడినవి. జైరాజ్ గారు అందు ఘనశ్యామదాస్ బిర్లా పాత్ర ధరించిరి. గాంధీజీ తమ కడపటి దినములు గడిపినది బిర్లాగారి ఢిల్లీ గృహముననే. తుపాకి గుండ్లకు నేలకొరగినదియు ఆ ఇంటి ఆవరణలోనే.

అంతము అందరికిని ముందే తెలిసిన కథలో ఉత్కంఠ ఎట్లు పుట్టును? హంతకుడు దొరకునా అను ప్రశ్న అక్కడ లేదు. మహాత్ముడు బ్రతుకునా అను ప్రశ్నయు లేదు. మిగిలినది ఒక్కటే. ఇంత ప్రమాదము ఎదుటనుండగా ఆ ఇల్లు ఎట్లు మామూలుగా నుండగలిగెను అన్నదే ప్రేక్షకుని కలవరపెట్టు ప్రశ్న. అట్టి కథలో ఆతిథ్యమిచ్చిన గృహస్థుని పాత్రకు మాటలు కొద్దియైనను బాధ్యత పెద్దది. ఆ ఇల్లు నమ్మదగిన ఇల్లుగా కనిపించినప్పుడే, అక్కడ జరిగిన ఘోరము ప్రేక్షకుని గుండెను తాకును.

1966లో 'మాయా' అను మరియొక విదేశీ చిత్రమున, ఏనుగులతోను అడవులతోను నిండిన సాహస కథలో ఆయన నటించిరి. అటుపై హిందీ చిత్రములలో పెద్దరికము గల పాత్రలు వరుసగా వచ్చినవి. 1975లో 'షోలే'. 1978లో చంద్ర బారోట్ దర్శకత్వమున వచ్చిన 'డాన్'లో దయాళ్ అను పాత్ర. 'డాన్' కథను తెలుగువారికి పరిచయము చేయవలసిన పని లేదు. మరుసటి సంవత్సరమే ఎన్. టి. రామారావుగారు నాయకులుగా, కె. ఎస్. ఆర్. దాస్ గారి దర్శకత్వమున అది 'యుగంధర్' అయ్యెను. 2009లో ప్రభాస్ నటించిన 'బిల్లా' గూడ ఆ వంశమునకు చెందినదే.

'డాన్' కథలోని కిటుకును ఒకసారి స్మరించినచో సహాయపాత్రల విలువ తేటపడును. చనిపోయిన దొంగల నాయకుని స్థానములో అదే రూపము గల అమాయకుని ఒక పోలీసు అధికారి నిలుపును. ఆ రహస్యము తెలిసినది ఆ అధికారికి ఒక్కనికే. ఆయన చనిపోగానే అమాయకునికి సాక్ష్యము లేకుండ పోవును. ఒకవైపు పోలీసులు, మరొకవైపు దొంగలు తరుముదురు. ఇంకొక చిక్కు కలదు. చట్టము పక్షమున వచ్చిన పెద్ద అధికారియని అందరును నమ్మినవాడే అసలు దొంగయని తుదకు తేలును. ఈ మోసము ప్రేక్షకునిపై పనిచేయవలెనన్నచో ఒక నియమము తప్పదు. చిత్రములోని పెద్దమనుషులందరును నిజముగా పెద్దమనుషులవలె కనిపించవలెను. ప్రతి ముఖముపైనను దొంగతనము వ్రాసియున్నచో దొంగను దాచుటకు చోటెక్కడిది? మంచినాణెములు చెలామణిలో నున్నప్పుడే దొంగనాణెము చెల్లును. జైరాజ్ వంటి నటులు నేరచిత్రములకు ఇచ్చినది ఆ మంచినాణెమే.

ఈ పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. నాయకుడు పరుగెత్తవచ్చును, ఏడ్వవచ్చును, పోరాడవచ్చును. సహాయపాత్రధారికి ఒక బల్ల, ఒక కుర్చీ, నాలుగు మాటలు ఇచ్చెదరు. ఆ నాలుగు మాటలతోనే చట్టమనునది యొకటి కలదని, దానికి ఒక మర్యాద కలదని ప్రేక్షకునికి తోపింపవలెను. ఎక్కువ నటించినచో కథ ఆగిపోవును. తక్కువ నటించినచో కథ తేలిపోవును. ముప్పదియేండ్లు చూపులన్నియు తనవైపే లాగుకొన్న నటుడు, ఇప్పుడు చూపులను ఎదుటివాని వైపు మరల్చవలెను. సైనికులకు ఆజ్ఞలిచ్చిన టిపు సుల్తాను, ఇతరుల కథలో ఒక పేజీ యగుటకు ఒప్పుకొనవలెను.

దీనికి ఒక ఆక్షేపణ వచ్చుట సహజము. వయస్సు మళ్లిన నాయకుడు దొరికిన వేషముతో సరిపెట్టుకొనెనే గాని, ఇందులో గొప్పతనమేమి అని కొందరందురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ఆ వేషములలో పెక్కింటికి ప్రాణము పోయదగిన చోటే లేదు. నటుని పేరుకు గౌరవమిచ్చి, పాత్రకు పని యీయని చిత్రములును ఉన్నవి. వాటినన్నింటిని కళాఖండములని పొగడుట ఆయనకును మేలు చేయదు. కాని రెండు సంగతులు ఆ ఆక్షేపణకు అడ్డు నిలుచును. భారత ప్రభుత్వము సినిమా రంగమున ఇచ్చు అత్యున్నత గౌరవమైన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము 1980 సంవత్సరమునకు ఆయనకు లభించెను. 'హమారీ బాత్'లో ఆయన సరసన నటించిన దేవికారాణిగారు 1969లో ఆ పురస్కారమునకు తొలి గ్రహీత. తెలుగువారిలో దర్శకులు బి. ఎన్. రెడ్డిగారికి 1974లో వచ్చిన పిదప, రెండవవారు జైరాజ్ గారే. నటులలో ఆయనయే మొదటివారు. ఎల్. వి. ప్రసాద్ గారికి 1982లోను, అక్కినేని నాగేశ్వరరావుగారికి 1990లోను అది లభించినది. ఇది మొదటి సంగతి. అంతటి గౌరవము పొందిన తరువాత గూడ ఆయన చిన్నవేషములను చిన్నచూపు చూడలేదన్నది రెండవ సంగతి. 1995లో 'గాడ్ అండ్ గన్' వచ్చునాటికి గూడ ఆయన తెరపై నుండిరి. అప్పటికి ఎనుబదియారవ యేడు. పేరుకొఱకు పనిచేయువాడు పేరు వచ్చినపిదప ఆగును. పనికొఱకు పనిచేయువాడు ఆగడు. 2000 ఆగస్టు 11వ తేదీన ముంబయిలో ఆయన కన్నుమూసిరి.

తెలుగుదేశము ఆయనను గుర్తించుటలో ఆలస్యము చేసెనన్నమాట దాచవలసినది కాదు. ఇటీవలి కాలమున ఆ లోపము కొంత తీరినది. హైదరాబాదులోని రవీంద్రభారతి ప్రాంగణమున చిత్రప్రదర్శనశాల యొకటి ఆయన పేర వెలసినది. 2025లో తెలంగాణ ప్రభుత్వము గద్దర్ పేర ఇచ్చిన చలనచిత్ర పురస్కారములలో ఒకదానికి పైడి జైరాజ్ పేరు పెట్టి, దర్శకులు మణిరత్నంగారికి సమర్పించినది. సంతోషింపదగిన విషయమే. అయినను ఒక చిక్కు మిగిలియే యున్నది. పురస్కారమునకు పెట్టిన పేరు ఎవరిదో తెలియనిచో, అది వీధికి పెట్టిన పేరువలెనే యగును. వీధిలో నివసించువారు చిరునామా వ్రాయుదురే గాని ఆ మనిషిని తలచుకొనరు. నటునికి నిజమైన స్మారకము ఆయన నటించిన చిత్రమును చూచుట. చూచినప్పుడు ఆయనను గుర్తుపట్టుట.

ఈ ద్వీపములలోని తెలుగువారికి ఈ ప్రసంగముతో పనియేమి అని ఎవరైన అడుగవచ్చును. పని కలదు. ఉద్యోగరీత్యా వచ్చినవారును, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి తరముల క్రిందట వచ్చి స్థిరపడినవారును ఇక్కడ ఎందరో కలరు. వారి బిడ్డలకు ఇంటిలో తెలుగు, వీధిలోను బడిలోను హిందీ. ఏ బిడ్డ ఏ భాషలో పేరు తెచ్చుకొనునో ఎవరు చెప్పగలరు? తెలుగులో పేరు తెచ్చుకొన్నవారే తెలుగువారని గిరిగీసినచో జైరాజ్ గారు గిరికి వెలుపల నిలుచుదురు. ఆయనతోపాటు రేపు ఈ ద్వీపముల నుండి ఎదుగబోవు బిడ్డలును వెలుపలనే నిలుచుదురు. ఆయనను లెక్కలోనికి తెచ్చుకొనుట గతమునకు చేయు ఉపకారము మాత్రమే కాదు. అది ముందు తరమునకు ఇచ్చు మాట గూడ. దూరమున నున్నను, వేరు భాషలో శ్రమించినను, మీరు మావారే అని చెప్పునట్టి మాట.

కార్యాలయములలో పనిచేయువారికి మరియొక కారణమును కలదు. ఆదేశము ఒక అధికారి పేర వెలువడును. దాని వెనుక దస్త్రమును కట్టినవారు, లెక్క సరిచూచినవారు, పాత ఉత్తరువును వెదకి తీసినవారు ఆ కాగితముపై కనిపించరు. వారు లేనిచో ఆదేశము నిలువదు. నేరచిత్రమున కమిషనరు పాత్రధారి చేయునదియు ఇట్టి పనియే. ఈ చాతంలోనే 1883లో స్థాపింపబడిన సా మిల్లు కలదు. అడవిలో నిలిచినప్పుడు ప్రతి పడౌక్ మానుకు ఒక ఆకారము, ఒక చోటు ఉండును. కోతకు వచ్చి దూలమైన పిమ్మట ఆ గుర్తులేవియు మిగులవు. ఇల్లు మాత్రము ఆ దూలముపైననే నిలుచును.

కావున ఈ సమాజమునకు ఒక చిన్న మనవి. సాంస్కృతిక కార్యక్రమములలో ఒకనాడు 'హాతిమ్ తాయీ'ని, మరియొకనాడు 'డాన్'ను ప్రదర్శింపవలెను. రెంటిని నడుమ ఇరువదిరెండేండ్ల దూరము కలదు. మొదటిదానిలో తెరనిండ నిలిచిన నాయకుని పిల్లలకు చూపవలెను. రెండవదానిలో ఆయనను పిల్లలనే వెదకి పట్టుకొనుమని చెప్పవలెను. దొంగను వెదకుట నేరచిత్రమున అందరును చేసెడి పనియే. అందులో ఒక మంచి నటుని వెదకి, అదిగో మన కరీంనగరము జైరాజ్ గారు అని వేలు చూపిన బిడ్డకు ఒక బహుమానము ఈయవలెను. అటుపిమ్మట, ఆ వేషము వేసినదెవరు అని అడిగినప్పుడు ఒక్క తెలుగు ఇంటనైనను నిశ్శబ్దము ఉండదు.